అరువు ముక్కు

మార్చి 3, సోమవారం

ముందుగా క్షమాపణలు. సకల మానవాళికి, నన్ను డిగ్రీ పాస్ చేయించిన పరీక్షకులకు, ఈ కాగితం కోసం ప్రాణాలిచ్చిన చెట్టుకు. ఇందులో పిన్ని కాఫీ గింజలు వేయించే రోస్టరీలో బస్తాలు మోసే ఒక పట్టభద్రుడి గోడు తప్ప మరేమీ ఉండదు.

మా రోస్టరీలో ఒక చట్టం ఉంది. సెంటు, వాసన నూనె, ఉల్లి, వెల్లుల్లి గడప దాటకూడదు. కాఫీ గింజ పక్కింటి గొడవ విన్నట్టు పక్కనున్న ప్రతి వాసనా పీల్చేస్తుందని పిన్ని సిద్ధాంతం. ఓసారి ప్యాకింగ్ అక్క వాసన నూనె రాసుకొస్తే, వీధి మలుపులోనే పసిగట్టి తలంటుకుని రమ్మని వెనక్కి పంపింది.

చట్టాన్ని అప్పుడప్పుడు పరీక్షించాలి కదా. ముందు గదిలో పిన్ని కూర్చునే స్టూలు మెత్త కింద చితక్కొట్టిన వెల్లుల్లి రెబ్బ పెట్టాను.

సాయంత్రం

ఏమీ జరగలేదు. రోజంతా దాని మీదే కూర్చుంది.

మార్చి 4

ఎవడో వెల్లుల్లి తినొచ్చి ఇక్కడ ఆవులించాడు, అంది అక్క, స్టూలు వైపు చూస్తూ. అవునే, నాకూ కొడుతోంది, అంది పిన్ని. చూసింది మాత్రం కిటికీ వైపు.

మార్చి 5

అక్క వెళ్ళాక అడిగేశాను. జ్వరం వచ్చి తగ్గినప్పటి నుంచీ పిన్నికి వాసనే లేదట. పెట్రోలూ, సబ్బూ, కాఫీ అన్నీ ఒకటేనట. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడట డాక్టరు. ఎవరికైనా చెప్పావో నిన్ను డ్రమ్ములో వేసి వేయిస్తాను అంది. అంటూనే కళ్ళు తుడుచుకుంది.

నాకు జోకు దొరకలేదు. బుద్ధెరిగాక ఇదే మొదటిసారి.

సమస్య ఏమిటంటే, కొత్త పంట గింజలొచ్చాయి. పంట మారితే రుచి మారుతుంది, ఎస్ప్రెస్సో బ్లెండ్, అంటే ఏ గింజ ఎంత కలపాలన్న లెక్క, మళ్ళీ మొదటి నుంచి కట్టుకోవాలి. వచ్చే బుధవారం కేఫుల ఓనరు వస్తాడు. ఆయన గొంతు విని అక్క బొంగురాయన అని పేరు పెట్టింది. మా సరుకు దాదాపు అంతా ఆయన కేఫులకే. ఆయన పెదవి విరిస్తే వేయించే రోస్టర్ మెషీన్ అమ్ముకోవడమే.

మార్చి 6

పిన్ని నా ముక్కు అరువడిగింది.

వెనక షెడ్డులో మూడు రకాల గింజలు కొంచెం కొంచెం వేయించి, పొడి చేసి, ముందు పెట్టి, చెప్పరా అంది. నాకొచ్చిన భాషలో చెప్పాను. మొదటిది వానకు తడిసిన స్కూలు బ్యాగు. రెండోది కొత్త చెప్పుల డబ్బా, అందులో ఎవరో నారింజ తొక్క మర్చిపోయారు. మూడోది మావయ్య పెళ్ళి కోటు, బీరువాలోంచి అప్పుడే తీసింది.

వీపు మోగుతుందనుకున్నాను. పిన్ని కళ్ళు మూసుకుంది. కోటు అంటే కలరా ఉండల వాసనా, గుడ్డ వాసనా? గుడ్డే అన్నాను. జేబులో ఏముంది చూడు అంది. మళ్ళీ వంగి చూశాను.

జేబులో చాక్లెట్ ఉంది! ఒట్టు. అంతకుముందు లేదు. కాదు, ఉంది, నాకే దొరకలేదు. 

తర్వాత అసలు వేపుడు. పిన్ని డ్రమ్ము పక్కన చెవి పెట్టి నిలబడింది, గోడ అవతల కాపురం వింటున్నట్టు. గింజలు టప్ టప్ మని పగిలాయి. ఆగాయి. బ్యాగు ఇంకా ఆరలేదురా అని తనలో తనే అనుకుంది. ఉన్నట్టుండి లీవర్ లాగింది. ఎందుకు అప్పుడే అంటే, వినబడలేదా అంది. నాకు వినబడింది నా గుండె ఒక్కటే. గోధుమరంగు వాన ఒకటి పళ్ళెంలోకి ధడధడా కురిసింది. నోరు తెరుచుకుని నిలబడ్డాను. ఈగ దూరి ఉంటే దానిదే బాధ్యత.

మార్చి 8

కొత్తగా వేయించిన గింజలు లోపలి గాలి వదిలేదాకా ఆగాలట. ఆగుతున్నాం. అక్క ఇంకా వెల్లుల్లి గురించి గొణుగుతూనే ఉంది.

మార్చి 11

కోటు ఎక్కువ, బ్యాగు అందులో సగం, డబ్బా చిటికెడు. పిన్ని లెక్క అదీ. తాను చూడలేని ఊరికి నాకు దారి చెబుతోంది, మలుపు మలుపూ గుర్తున్నట్టు.

ఎస్ప్రెస్సో మెషీన్ కింద కప్పులోకి కాఫీ తేనెలా జారింది. తాగాను. నేల మీద కూర్చుండిపోయాను. ముగ్గురు తోడికోడళ్ళు ఒకే వంటింట్లో, ఒకరి గరిటె ఒకరికి తగలకుండా! ఇలాంటిది లోకంలో ఉంటుందని నాకెవరూ చెప్పలేదే!

ఎలా ఉందిరా అని అడుగుతూనే ఉంది. కప్పు ఖాళీ చేసి చెప్పాను. మావయ్య కోటేసుకుని స్కూలుకెళ్తున్నాడు పిన్నీ, ఇప్పుడే వాన వెలిసింది.

పిన్ని నవ్వింది. తన కప్పు తాగలేదు. రెండు అరచేతుల మధ్య పట్టుకుని కూర్చుంది. ఆ వేడి ఒక్కటే తెలుస్తోంది కదా.

మార్చి 12

బొంగురాయన షెడ్డులోకే వచ్చి తాగాడు.  మరో కప్పు అడిగాడు. చివర్లో ఏదో తగులుతోందమ్మా, ఏమిటది, అన్నాడు పిన్నితో.

 పిన్ని తొణకలేదు. వాన వెలిసింది కదండీ, అదీ, అంది.

ఆయన కళ్ళు మూసుకున్నాడు. అదే, అదే, అన్నాడు. పోయినేటి కంటే బావుంది, పంపించెయ్, అని లేచాడు.

ఏమీ తెలియని అక్క మాత్రం, బయట ఎండ మాడుతుంటే వానేమిటండీ మీ మొహాలు, అంది.

మార్చి 19, ఉదయం

పిన్ని స్టూలు మీద కూర్చుంది. లేచింది. మళ్ళీ కూర్చుంది. ముక్కు పైకెత్తింది. ఎవడ్రా ఇక్కడ వెల్లుల్లి పెట్టిన వెధవ, అని వీధి చివరిదాకా వినబడేలా అరిచింది. అరుస్తూనే ఏడ్చింది.

నేనే. బొంగురాయన వచ్చిన రోజు తప్ప, ప్రతి పొద్దునా కొత్త రెబ్బ పెట్టాను.