ఎలియేసర్ ఆఖరి హాజరు

కిలాంకో,
ఆగస్టు నెల, వాన కురుస్తున్న ఆదివారం

ఒసేయ్ హెర్మిందా,

నువ్వు పంపిన ఉన్ని శాలువా అందింది. అదేం రంగే తల్లీ! మొగుడు పోయినదానికి ఎర్ర శాలువా పంపే తెలివి ఈ భూమ్మీద నీకొక్కదానికే ఉంది. తిట్టుకుంటూనే కప్పుకున్నాను, అది కప్పుకునే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇక్కడ వాన మొదలై ఎన్నాళ్ళయిందో లెక్కపెట్టడం మానేశాం. పొయ్యిలో తడికట్టెలు పొగ చిమ్ముతున్నాయి. ఎలియేసర్ ఉంటే ఆ పొగ వాసన చూసి, "ఇస్మే, గొట్టం తుడిపించాలి" అనేవాడు. అనేవాడే గాని తుడిచేవాడు కాదనుకో.

ఏప్రిల్లో ఆయన్ని సాగనంపాక ఊళ్ళో ఎవరింటికి వెళ్ళినా ఒకటే తంతు. కాఫీ ఇస్తారు, కేకు ముక్క పెడతారు, తర్వాత చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి వాళ్ళింట్లో ఆయన చెడగొట్టిన చోటు చూపిస్తారు. నీకు తెలియనిదా! సగం ఊరు ఆయన చేతుల మీద లేచిందే, అందులో ఒక్క ఇల్లూ సవ్యంగా ఉండదు. పనిరాక కాదు. దూలం మీద కూర్చుని మేకు కొడుతుంటాడు, తను జీతం లేకుండా చేసే అగ్నిమాపక దళం సైరన్ మోగుతుంది, సుత్తి అక్కడే పారేసి పరుగు. మంట ఆర్పి, ఒళ్ళంతా మసితో తిరిగొచ్చేసరికి కలిపిన సిమెంటు రాయైపోయి ఉంటుంది. బేకరీ ఎదెల్మీరా వాళ్ళ కిటికీ వంకర, రంపపు మిల్లు కాలిన రోజుది. పోస్టుమాస్టరు గోడలో ఒక తాపీ ఉండిపోయింది, ఓడరేవు గోదాము అంటుకున్న రోజుది. సరిచేస్తానని ఆయన వెళితే ఒక్కళ్ళూ ఒప్పుకోలేదు. "ఉండనివ్వు మేస్త్రీ, ఇది మా రంపపు మిల్లు కిటికీ" అని మురిసిపోయేవాళ్ళు. వాళ్ళకేం, మురిసిపోతారు. మా వంటింటి వెనక గుమ్మానికి మూడో మెట్టు లేదు. పెళ్ళైన కొత్తలో ఎవరింట్లోనో పొగ వచ్చిందని వదిలేసినది. "రేపు వేసేస్తా ఇస్మే" అని నలభై ఏళ్ళు అన్నాడు. ఈ వయసులో కూడా నేను మేకపిల్లలా గెంతుతున్నాను.

సరే, అసలు విషయానికొస్తాను. నిన్న దళం కెప్టెన్ బర్రియా వచ్చాడు. టోపీ చేతిలో పట్టుకుని, గుమ్మం దగ్గరే నీళ్ళు కార్చుకుంటూ నిలబడ్డాడు.

"వదినా, అక్టోబరులో దళం పుట్టినరోజు. హాజరులో అన్న పేరు పిలవాలి" అన్నాడు.

"పిలుచుకో. నేను వద్దన్నానా?"

"పిలిస్తే సరిపోదు వదినా. ఇంటివాళ్ళు ఎవరో ఒకరు 'ఇక్కడే' అని పలకాలి. పలికేదాకా తర్వాతి పేరుకి వెళ్ళం. ఆ తర్వాత ఇక ఎప్పటికీ పిలవం. మా ఆచారం అది, మీకు తెలియనిది కాదు."

తెలుసు. ఎంతమందికి పలకడం చూడలేదు! బర్రియా వాళ్ళ నాన్నకి వాళ్ళమ్మ పలికినప్పుడు నేనే పక్కన కూర్చుని ముక్కు చీదాను. కానీ నా వంతు వచ్చేసరికి "చూద్దాంలే" అన్నాను. ఆ మొహం చూడాలి, ఎండలో పెట్టిన మైనంలా కరిగిపోయింది. కాఫీ ఇచ్చి పంపేశాను.

వెళ్ళాలని లేదు నాకు. ఎందుకో ఇంకోసారి రాస్తాను. నీ మోకాళ్ళు జాగ్రత్త.

నీ
ఇస్మేనియా


కిలాంకో,
సెప్టెంబరు, జాతీయ పండక్కి జెండాలు కట్టిన వారం

నా హెర్మిందా,

"వెళ్ళి ఒక్క మాట అనేసి రా, నోరేమైనా అరిగిపోతుందా" అని రాశావు. ఆ వాక్యం చదివి ఒళ్ళు మండిపోయింది. తర్వాత ఆలోచిస్తే తప్పు నీది కాదు. నేనెప్పుడూ చెప్పలేదు కదా, నీకేం తెలుసు.

మా నాన్న అంతిమయాత్ర కథ నువ్వు ఎన్నిసార్లు చెప్పి ఉంటావు? పెళ్ళిళ్ళలో, పేకాటలో, పుంతా అరేనాస్ లో మీ ఇరుగుపొరుగుకి కూడా చెప్పే ఉంటావు. ఊరంతా పొట్ట పట్టుకుని నవ్వే కథ అది. నేనూ నవ్వేదాన్ని. ఇవాళ ఆ కథని నవ్వకుండా ఒకసారి చెప్తాను, విను.

చర్చి నుంచి శవపేటికని భుజాల మీద ఎత్తుకుని కొండ మీది స్మశానానికి బయల్దేరారు. మోసేవాళ్ళు ఆరుగురు. అందులో మా బాబాయి తప్ప అందరూ దళం వాళ్ళే. ఎదెల్మీరా బేకరీ ముందుకొచ్చేసరికి సైరన్. ఐదుగురూ ఒకేసారి ఆగిపోయారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బాబాయి, "ఒరేయ్ వెధవల్లారా, చచ్చినవాణ్ణి పట్టుకుని ఉన్నాం రా!" అని అరిచాడు. ఎదెల్మీరా పరిగెత్తుకొచ్చి పిండి బస్తాలు రెండు చూరు కింద పడేసింది. వాటి మీద మా నాన్నని దింపేసి పరుగో పరుగు. ఎలియేసర్ ముందు. ఏడవడానికి వచ్చినవాళ్ళలో సగం మంది మంట చూడ్డానికి పోయారు. ఫాదరు వాన తగ్గేదాకా అంటూ బేకరీలోకి దూరి వేడి రొట్టె తిన్నాడు. ఇక్కడే కదా అందరూ నవ్వేది?

నేను ఆ అరుగు మీద కూర్చున్నాను హెర్మిందా. నా పక్కన మా నాన్న, పిండి బస్తాల మీద. చిన్నప్పుడు నన్ను భుజం మీద ఎక్కించుకుని ఆ బేకరీకే తీసుకొచ్చేవాడు. పెళ్ళై ఏడాది కూడా కాలేదు నాకు. ఆ పూట మొగుడు నా పక్కన ఉండాలి, నా చెయ్యి పట్టుకోవాలి, అంతకంటే నేనేం అడిగాను? పరిగెడుతూ పరిగెడుతూ ఆయన నాతో అన్నది ఒక్క ముక్క: "నువ్వున్నావుగా, ఇస్మే!" మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి వెనక్కి చూశాడు. నేను తల ఊపానో, చలికి వణికానో నాకే తెలీదు. మళ్ళీ పరుగు.

ఇంతకీ ఎక్కడి మంట? పంతులుగారింటి పొగగొట్టంలో మసి అంటుకుంది. అంతే! ఒక బకెట్టు నీళ్ళతో పోయే మంట. తిరిగొచ్చి, నల్లటి చేతులతో మా నాన్నని మళ్ళీ ఎత్తుకున్నారు. పేటిక మీద ఒక పక్క తెల్లటి పిండి, ఒక పక్క నల్లటి వేళ్ళు. అలాగే పూడ్చాం. ఎలియేసర్ దాని గురించి ఒక్క మాట అనలేదు. ఆ రాత్రీ అనలేదు, తర్వాతా అనలేదు. ఊరు నవ్వడం మొదలుపెట్టాక ఇంక నేనెలా ఏడవను చెప్పు?

ఆ తర్వాత బతుకంతా నా నోట ఒకటే మాట. చెల్లెలి పెళ్ళిలో "ఎలియేసర్ ఏడీ?" అంటే "లేడు, సైరన్ మోగింది." మా పిల్ల చర్చిలో తొలి ప్రసాదం తీసుకున్న నాడు "మేస్త్రీ ఏడీ?" "లేడు." నేను జ్వరంతో మూలుగుతుంటే డాక్టరమ్మ అడిగితే, "లేడు." నన్ను వదిలేసి పోతూ ప్రతిసారీ ఆయన, "నువ్వున్నావుగా." మంచివాడేనే, కాదనను. పరాయి పిల్లల్ని మంటల్లోంచి ఎత్తుకొచ్చిన చేతులు అవి. నన్ను ఒక్క మాట కసిరి ఎరగడు. ఆదివారాలు నా జుట్టు తనే దువ్వేవాడు, సున్నం అంటుకున్న వేళ్ళతో. అది తలుచుకుంటే ఇప్పటికీ గుండె నీరవుతుంది. కానీ నలభై ఏళ్ళు "లేడు" అని జవాబు చెప్పిన నోటితో, చచ్చాక "ఇక్కడే" అని అబద్ధం చెప్పమంటున్నారు. బతికున్నప్పుడు లేనివాడు ఇప్పుడెక్కడి నుంచి వస్తాడే?

అందుకే నిశ్చయించుకున్నాను. వెళ్తాను. బర్రియా పేరు పిలుస్తాడు. నేను లేచి నిలబడి అందరి ముందూ "లేడు" అంటాను. ఊరికి నిజం ఒక్కసారైనా వినపడాలి. దళం పరువు పోతుందంటావా, పోనీ. నన్ను ఆపకు.

ఇట్లు
మొండిది, నీ ఇస్మేనియా


కిలాంకో,
అక్టోబరు, ఎండ కాచిన రోజు

నా బంగారు హెర్మిందా,

తిట్టడానికి కలం తీసి ఉంటావు, కింద పెట్టు. ముందు నేను చెప్పేది విను.

ఆదివారం మిట్టమధ్యాహ్నం. నల్ల కోటు వేసుకున్నాను. దాని మీద నీ ఎర్ర శాలువా. పోట్లాటకి వెళ్ళేటప్పుడు ఆ రంగే బాగుంటుందనిపించింది. దళం పెరట్లో గొర్రెని చువ్వకి గుచ్చి కాలుస్తున్నారు, వాసన వీధి చివరిదాకా. హాల్లో ముందు వరసలో ఒక ఖాళీ కుర్చీ, దాని మీద ఎలియేసర్ హెల్మెట్. పక్క కుర్చీ నాది. వెనకాల యాస్నా కూర్చుంది. నువ్వెరగవు, బేకరీలో ఇప్పుడు రొట్టెలు కాల్చే నిబాల్దో పెళ్ళాం. నిండు చూలాలు, ఇవాళో రేపో అన్నట్టుంది. నిబాల్దో దళం వరసలో నిలబడి కూడా దాని వైపే చూస్తున్నాడు.

బర్రియా పేర్లు మొదలుపెట్టాడు. ఒక్కొక్కరూ "ఇక్కడే! ఇక్కడే!" అని గోడలు అదిరేలా అరుస్తున్నారు. నోట్లో "లేడు" అన్న మాటని చింతగింజలా అటూ ఇటూ దొర్లిస్తున్నాను.

"ఎలియేసర్ ఒయార్సున్!"

లేచి నిలబడ్డాను. నోరు తెరిచాను.

సైరన్!

నమ్ముతావా? ప్రమాణం చేసి చెప్తున్నాను. కుర్చీలు బోర్లాపడ్డాయి, బర్రియా చేతిలో కాగితాలు గాల్లోకి ఎగిరాయి, పండగ చొక్కాల మీదే కోట్లు తొడుక్కుంటూ అందరూ తలుపు వైపు. ఎవరి మోచెయ్యో తగిలి ఎలియేసర్ హెల్మెట్ కింద పడి దొర్లింది. పరిగెడుతున్న నిబాల్దో వెనక్కి వచ్చి, దాన్ని తీసి నా చేతుల్లో పెట్టాడు. పెట్టి పెళ్ళాం వైపు తిరిగి, "భయపడకు, అత్త ఉందిగా!" అన్నాడు.

అత్త ఉందిగా! అచ్చం అదే మాట, అదే గొంతు.

పైగా వాడు వెంటనే పోలేదే. తలుపు దగ్గర ఆగిపోయాడు. బయట బండి హారన్ కొడుతోంది, దాంట్లోంచి ఎవడో "రారా దున్నపోతా!" అని అరుస్తున్నాడు. అయినా కదలడు. నా మొహం వైపే చూస్తున్నాడు, ఒక చెయ్యి తలుపు మీద, ఒక కాలు బయట. నేను తల ఊపాను. అప్పుడు పోయాడు.

తల ఊపేదాకా పోలేదు హెర్మిందా. బేకరీ మలుపు దగ్గర ఆయన ఆగింది అందుకేనని నాకు ఇన్నేళ్ళకి తెలిసింది. ఆ రోజు నేను చలికి వణకలేదు. తలే ఊపాను, ఇప్పుడు బాగా గుర్తొచ్చింది. నేను తల ఊపకపోతే ఆయన వెనక్కి వచ్చేవాడు. వచ్చి, ఆ అరుగు మీద నా పక్కన, ఆ పిండి బస్తాల పక్కన కూర్చునేవాడు. ఒట్టు, కూర్చునేవాడు. నలభై ఏళ్ళలో ఒక్కసారైనా నేను తల అడ్డంగా ఊపానా? ఎప్పుడూ ఊపలేదు. ఊపాలనీ అనిపించలేదు, అది కూడా నిజమే. అవతల ఎవరి కొంప కాలుతుందో మనకేం తెలుసు?

యాస్నా మటుకు కుమిలి కుమిలి ఏడుస్తోంది. "చూశావా అత్తా, నొప్పులొస్తే ఏం చెయ్యాలి? ఉందిగా అట, ఉందిగా! నువ్వేమన్నా మంత్రసానివా?"

"కాదు గాని, అవసరమైతే అవుతాను. ముందు ఏడుపాపి మాంసం తిప్పు, మాడుతోంది. వాళ్ళు తిరిగొచ్చి మాడిన గొర్రెని చూస్తే మనల్ని కాల్చుకు తింటారు" అన్నాను. ఏడుస్తూనే నవ్వింది. ఎదెల్మీరా మంట దగ్గరికి వెళ్ళింది, ఆడవాళ్ళందరం తలో చెయ్యి వేశాం.

మళ్ళీ హాల్లోకి వచ్చాను. బోర్లాపడ్డ కుర్చీలు, ఎగిరిపోయిన కాగితాలు. పిలిచిన పేరు అలాగే గాల్లో ఉంది, జవాబు లేకుండా. మా నాన్నని అరుగు మీద వదిలేసినట్టే ఆయన పేరుని నా పక్కన వదిలేసి పోయారు. ఆ హెల్మెట్ లోపల ఇంకా ఆయన తల వాసన, సున్నం, పొగ. గుండెకి హత్తుకున్నాను. "లేడు" అందామని వచ్చాను కదా, ఆ మాట ఎక్కడికి పోయిందో పోయింది. "ఇక్కడే" అనడానికీ నోరు రాలేదు, ఎందుకంటే ఆయన ఇక్కడ లేడు, మంట దగ్గర ఉన్నాడు, ఎప్పటిలాగే.

నిలబడి, గట్టిగా, బర్రియా ఉంటే ఎంత గట్టిగా అనేదాన్నో అంత గట్టిగా అన్నాను:

"నేనున్నానుగా!"

వెనక తలుపులో ఎదెల్మీరా చేతిలో కత్తి పట్టుకుని నిలబడి ఉంది. వినేసింది, అంత అరుపుకి పెరట్లో యాస్నా కూడా వినేసింది. ఎదెల్మీరా ముందుకొచ్చి నా పక్కన కుర్చీ లేపి కూర్చుంది. ఇద్దరం తనివితీరా ఏడ్చుకున్నాం.

కాసేపటికి వచ్చారు, మసి మొహాలతో ఇకిలించుకుంటూ. ఎక్కడరా మంట అంటే, మళ్ళీ పొగగొట్టమే! ఎవరో తడికట్టెలు కుక్కారట. బర్రియా మాత్రం నా ఎదురుగా వచ్చి సిగ్గుతో తల దించుకున్నాడు.

"వదినా, క్షమించండి. అన్న పేరు మళ్ళీ పిలుస్తాను."

నేను నోరు తెరిచేలోపే యాస్నా అందుకుంది. "ఎందుకూ? మీరు పిలిచారు, జవాబొచ్చింది. అప్పుడు లేనిది మీరే!"

హాలంతా ఘొల్లుమంది. బర్రియా నా వైపు చూశాడు. నేను తల ఊపాను. అతను టోపీ సర్దుకుని తర్వాతి పేరు పిలిచాడు.

నిబాల్దో సాయంత్రం ఇంటిదాకా దిగబెట్టడానికి వచ్చి వెనక గుమ్మానికి లేని ఆ మెట్టు చూశాడు. "అత్తా, రేపు వేసేస్తా" అన్నాడు. "నీ పెళ్ళాం పురుడయ్యేదాకా ఇటు రాకు" అని కసిరి పంపేశాను. వాడు వెళ్ళాక గెంతి లోపలికొచ్చాను.

ఈసారి ఆ కథ చెప్పేటప్పుడు నవ్వుకోవే, పర్వాలేదు. నేనూ నవ్వుతాను. ఎర్ర శాలువాకి గొర్రె కొవ్వు మరక అంటింది, తిట్టకు.

ఇక్కడే ఉన్న
నీ ఇస్మేనియా