మేడం గారు లేరాండీ?

రావులపాలెం,
శనివారం మధ్యాహ్నం.

ప్రియమైన వినీలకు,

ప్రభువు కృప నీకూ అత్తయ్యగారికీ తోడుగా ఉండాలని ప్రార్థిస్తూ రాస్తున్నాను. ఇక్కడ నేనూ ప్రసన్నా క్షేమం. అక్కడ మీరిద్దరూ క్షేమంగా ఉన్నారని నీ ఉత్తరం చూసి స్థిమితపడ్డాను. అత్తయ్యగారు నాలుగు కాళ్ళ కర్ర పట్టుకుని వాకిలి దాకా నడిచారని చదివి, అమ్మమ్మ నడిచిందంటూ ప్రసన్న గంతులేసింది. తుంటి ఎముక విరిగిన మనిషి నెల తిరక్కుండా లేచి నడవడమంటే మాటలు కాదు. నడిచారు కదా అని నువ్వు మాత్రం తొందరపడి తిప్పకు.

ఊళ్ళో అందరి ఫోన్లూ బాగుచేసేది మనం. మనిద్దరం మాట్లాడుకోవడానికేమో కాగితం, కలం పట్టుకోవాల్సి వచ్చింది. పోలవరం దాటాక ఆ కొండల్లో సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాలి, ఆవిణ్ణి వదిలి నువ్వు గుట్ట ఎక్కలేవు. ఒకందుకు ఇదే నయం. ఈ ఉత్తరంలో రాయబోయేది ఫోన్లో అయితే నా నోట వచ్చేది కాదు.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. ప్రసన్న దగ్గు తగ్గింది. బళ్ళో పరీక్షలు బాగానే రాస్తున్నానంటోంది. గ్యాసు పడుకునే ముందు రెండుసార్లు చూస్తున్నాను. పచ్చడి జాడీలో తడి గరిటె పెట్టింది నేనే, ప్రసన్న కాదు, దాన్ని ఏమీ అనకు. నీ ఫోను ఎత్తుతున్నారా, విసుక్కోకుండా మాట్లాడుతున్నారా అని అడిగావు. ఎత్తుతున్నాను. విసుక్కోవడం సంగతి కింద రాస్తాను. నోటుబుక్కు చూశారా అని రెండుసార్లు రాసి కింద గీత కూడా గీశావు. దాని సంగతి ఇంకా కింద రాస్తాను.

నీ ఫోను నా దగ్గర వదిలి వెళ్ళావు చూడు, దాన్ని మించిన శత్రువు నాకు లేదు. మోగుతుంది. ఎత్తి హలో అంటాను. నా గొంతు వినగానే అవతల మనిషికి ఉత్సాహం చచ్చిపోతుంది కాబోలు. తర్వాత అదే మాట. "మేడం గారు లేరాండీ?"

"లేరండీ, ఊరెళ్ళారు. నేను జయపాల్‌ని. ఏంటండీ సమస్య, చెప్పండి."

"అబ్బే, పర్లేదండీ. ఆవిడొచ్చాకే చేస్తాంలెండి."

మొన్న బుధవారం లెక్కపెట్టాను. పదిహేడు మంది. ప్రింటరు ఆగిపోతే బిల్లులు చేత్తో రాసుకుంటారట గానీ నాకు చెప్పరట! కొట్టు పెట్టి పద్దెనిమిదేళ్ళయింది. పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసిన మనిషిని. ఈ ఊళ్ళో సగం కంప్యూటర్లకి మూత విప్పి దుమ్ము దులిపింది ఈ చేతులే. నువ్వు కౌంటర్ దగ్గర కూర్చుని చూసి నేర్చుకున్నదానివి. కరోనా ఏడు నేను జ్వరంతో పడుంటే నా ఫోను నువ్వు ఎత్తావు. అంతే. అక్కణ్ణుంచి ఊరంతా నీ వెనకే తిరిగింది.

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారు నా భుజం మీద చెయ్యేశారు. చర్చిలో పాటలకి వాయించే కీబోర్డు నుంచి బరబరమని చప్పుడు వస్తోంది, అది నాకూ వినిపించింది. చూడమంటారేమో అనుకుని మోచేతుల దాకా చొక్కా చేతులు మడిచాను. ఆయన అన్నదేంటో తెలుసా? "వినీలమ్మ ఎప్పుడొస్తున్నారు నాయనా?" మడిచిన చేతులు విప్పుకుంటూ ఇంటికి వచ్చాను.

దాపరికం ఎందుకు, నాకు నీ మీద ఈర్ష్య. ఈ మాట రాయడానికి మూడు కాగితాలు చింపాను. పక్కవాడి కొట్టు చూసి ఏడ్చేవాళ్ళు ఉంటారు, తోడికోడలి గాజులు చూసి ఏడ్చేవాళ్ళు ఉంటారు. కట్టుకున్న భార్యకి ఫోన్లు వస్తున్నాయని ఏడ్చేవాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటాను.

మాణిక్యాంబ గారి సంగతి నీకు గుర్తుండే ఉంటుంది. ఆత్రేయపురంలో ఆవిడ పూతరేకుల కొట్టులో పోయినేడు రోజూ పొద్దున్న పది నుంచి రెండింటి దాకా ఇంటర్నెట్ పోయేది. వాట్సాప్‌లో ఆర్డర్లు అందేవి కావు. నేను రెండుసార్లు బండేసుకుని వెళ్ళాను. వైరు మార్చాను, వైఫై డబ్బా మార్పించాను, కంపెనీవాళ్ళతో పోట్లాడాను. నువ్వు ఇక్కడ చిక్కుడుకాయలు తుంపుకుంటూ ఫోన్లో రెండే మాటలు అడిగావు.

"ఆ వేళకి అక్కడ ఏం చేస్తుంటారండీ?"

"రేకులు తీస్తామమ్మా."

"అప్పుడు ఫ్యాను వేసుకుంటారా?"

"అయ్యో, రేకులు ఎగిరిపోవూ! ఆపేస్తాం."

ఆ ఫ్యానుకీ వైఫై డబ్బాకీ కలిపి ఒకటే స్విచ్చు. నేను వెళ్ళినప్పుడల్లా పాపం ఎండనపడి వచ్చాడని ఆవిడ ఫ్యాను వేసేది, దాంతో ఇంటర్నెట్టూ వచ్చేసేది, నేను బాగుచేశాననుకుని తిరిగొచ్చేవాణ్ణి. అప్పుడు నువ్వు నవ్వావు. నేనూ నవ్వాను గానీ ఆ పూట అన్నం సయించలేదు.

ఇక దాచుకున్నది రాస్తాను. నువ్వు వెళ్ళిన మూడో రోజున ఎరువుల కొట్టు బంగార్రాజు గారు మన కొట్టుకి వచ్చారు. ఈ ఏడు వర్తక సంఘానికి ఆయనే కార్యదర్శి. సంఘంలోని అరవై కొట్లకీ ఫోనో కంప్యూటరో ఇంటర్నెట్టో మొండికేస్తే పిలవడానికి ఒక మనిషి ఉండాలని, ఆ మనిషి నువ్వే కావాలని అందరూ కలిసి తీర్మానించారట. ఏడాది ఒప్పందం. కాగితం మీద పేరు టైపు చేయించి మరీ తెచ్చారు. శ్రీమతి వినీల గారు అని. ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూశాను. నా పేరు ఎక్కడా లేదు.

నా లోపల ఏం పుట్టిందో నాకే తెలీదు. నోరు దానంతట అదే మాట్లాడింది.

"బంగార్రాజు గారూ, మీతో అనకూడదు గానీ, ఆవిడ ఫోన్లో చెప్పేవన్నీ నేను పక్కనుంచి అందించేవేనండీ. ఆవిడ గొంతు మెత్తగా ఉంటుందని మాట్లాడిస్తానంతే."

"ఆయ్, అలాగాండీ! మాకు తెలీదు సుమండీ. అయితే కాగితం మీ పేరు మీదే మార్పించేస్తానండీ. వచ్చే నెల మొదటి బుధవారం సంతకాలు పెట్టుకుందాం."

పాపం, ఆయన క్షమించమని కూడా అన్నారు. నీకు రావలసింది నేను లాక్కున్నాను వినీలా. ఆ రాత్రి మటన్ తెచ్చి వండుకున్నాను. ప్రసన్న ఏంటి నాన్నా విశేషం అంటే ఏమీ లేదన్నాను.

తర్వాత శుక్రవారాలు మొదలయ్యాయి. ఇవి రెండో పంట దాళ్వా వరికి మొదటి దఫా యూరియా వేసే రోజులు కదా. రైతు వేలిముద్ర పడితే గానీ బస్తా బయటికి రాదు. బంగార్రాజు గారి కొట్టులో వేలిముద్ర మిషను శుక్రవారం పొద్దున్నే మొరాయించింది. నేను పరిగెత్తాను. అద్దం శుభ్రంగానే కనబడుతోంది. వైరు మార్చాను, సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ళీ ఎక్కించాను. సాయంత్రానికి పనిచేసింది. నా గొప్పే అనుకున్నాను. రెండో శుక్రవారం మళ్ళీ అదే తంతు. రైతుల వేళ్ళు అరిగిపోయాయండీ, గీతలు లేవు, మిషను ఏం చేస్తుంది అన్నాను. అదే రైతుల వేళ్ళు గురువారం బాగానే పడ్డాయని నాకు తట్టలేదు.

నిన్న మూడో శుక్రవారం. పొద్దున్న తొమ్మిదింటికే కొట్టు ముందు ముప్పై మంది వరసలో ఉన్నారు. మిషను ఒక్క వేలూ తీసుకోవడం లేదు. ఈతకోట నుంచి వచ్చిన ఒకావిడ ఏడుసార్లు బొటనవేలు కొంగుకి తుడిచి తుడిచి పెట్టింది. చివరికి నా మొహం చూసి, "బాబూ, నా వేలు మంచిది కాదా?" అంది. రెట్ట దాకా పొలం బురద ఎండిన చెయ్యి అది. ఆవిడ బస్తా లేకుండానే ఆటో ఎక్కి వెళ్ళిపోయింది.

బంగార్రాజు గారు నన్ను కేకలెయ్యలేదు. వేసినా బాగుండేది. దగ్గరికి వచ్చి నెమ్మదిగా, "జయపాల్ గారూ, మేడం గారికి మీరే కదండీ అందించేవారు. ఇలాంటప్పుడు ఏం అందించేవారో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండీ," అన్నారు. ఆయన మాటలో వెటకారం లేదు. నమ్మే అడిగారు. నేను ఇంటికెళ్ళి సామాను తెస్తానని చెప్పి బయటపడ్డాను.

మిట్టమధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేరు. నీ నోటుబుక్కు బీరువా మీద నువ్వు పెట్టిన చోటే ఉంది. ఇన్నాళ్ళూ దానికేసి చూడకుండా తిరిగాను. నీ రాత చూసి పని చెయ్యడమేంటని నా పౌరుషం. తెరిచాను. కస్టమరుకో పేజీ రాసుకున్నావు, ముప్పై ఏడో పేజీలో బంగార్రాజు గారి కొట్టు ఉంది. నువ్వు రాసిందే అయినా ఇక్కడ ఎత్తి రాస్తున్నాను.

"వేలిముద్ర మిషను వేలు తీసుకోకపోతే ఏ వారమో అడగాలి. శుక్రవారమైతే పూజ. వాళ్ళ అమ్మగారు శ్యామలాంబ గారు మిషనుకి గంధం బొట్టు పెడతారు. తడిగుడ్డతో తుడిచినా అద్దం మీద పొర మిగులుతుంది, కంటికి కనబడదు. నాలుగు వేళ్ళు రుద్దుకుంటే సాయంత్రానికి అదే పోతుంది. మనం తుడవకూడదు, మనసు నొచ్చుకుంటారు. ఆవిడ చేతే తుడిపించి, బొట్టు మూత మీద పెట్టమనాలి."

చదివి పుస్తకం మూసేసి పరిగెత్తవలసినవాణ్ణి. పేజీ తిరిగిపోయింది. ముప్పై ఎనిమిదో పేజీ. పైన నా పేరు.

"జయపాల్ (మా ఆయన). ముందు టీ ఇవ్వాలి. తప్పు ఎక్కడుందో నాకు తెలిసినా చెప్పకూడదు. ఆ వైరు ఒకసారి చూస్తారా అనాలి, అంతే. తనే కనుక్కోవాలి. కనుక్కున్నాక అమ్మయ్య అనాలి."

అలాగే కింద కూర్చుండిపోయాను. ఎరువుల కొట్టుకీ తర్వాతి పేజీలోని అరటిపళ్ళ కమీషను కొట్టుకీ మధ్య నేనొక కస్టమర్నన్నమాట. ఈ పద్దెనిమిదేళ్ళలో నేను ఏది బాగుచేసినా నువ్వు అమ్మయ్య అనేదానివి. ఆ మాట కోసమే మూత విప్పిన కంప్యూటర్లు ఎన్నో ఉన్నాయి. వాటిలో ఎన్ని నేను కనుక్కున్నవి, ఎన్ని నువ్వు కనుక్కోనిచ్చినవి? పక్కనుంచి అందించానని నేను ఊళ్ళో చెప్పుకుంటే, అందించింది నువ్వు. అదీ నాకు తెలియకుండా. ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, మళ్ళీ ఈర్ష్యే వచ్చింది. ఆ పేజీ ఉందని మర్చిపోయి చూడమన్నావో, గుర్తుండే చూడమన్నావో నువ్వే చెప్పాలి.

మూడింటికి తిరిగి వెళ్ళాను. నేరుగా లోపలికి, శ్యామలాంబ గారి దగ్గరికి. గంధం సంగతి అడిగితే ఆవిడ నాలిక కరుచుకున్నారు. "అయ్యో, పోయినేడు మీ ఆవిడ చెప్పింది కదయ్యా! ఆ పాతదానికి మూత మీదే పెట్టేదాన్ని. ఇది కొత్త మిషను, మొదటి నాలుగు వారాలూ మొహానికి బొట్టు లేకుండా ఎలా అని పెట్టేశాను," అన్నారు. ఆవిడే వచ్చి తన పైట చెంగుతో, వేడినీళ్ళతో తుడిచారు. వరసలో మొదటాయన వేలు పెట్టాడు. పడింది. రెండో వేలు పడింది. వరస కదిలింది.

బంగార్రాజు గారు నా రెండు చేతులూ పట్టుకున్నారు. "భలే కనుక్కున్నారండీ!" అన్నారు. అవునంటే అయిపోయేది వినీలా. నువ్వు కొండల్లో ఉన్నావు, సిగ్నల్ లేదు, నోటుబుక్కు బీరువా మీద ఉంది. నిజం చెబుతున్నాను, అవును అనబోయాను కూడా. ఆ ఈతకోట ఆవిడ అడిగిన మాట చెవిలో ఉండిపోయింది. మంచిది కానిది ఆవిడ వేలు కాదు.

"నేను కాదండీ. మా ఆవిడ. పోయినేడే రాసిపెట్టింది. ఇదొక్కటే కాదు, అన్నీ ఆవిడవేనండీ. మొన్న మీతో అబద్ధం చెప్పాను," అన్నాను. ముప్పై మంది రైతులు విన్నారు. బంగార్రాజు గారు చేతులు వదిలేశారు. లోపలికెళ్ళి ఆ మొదటి కాగితం తెచ్చి ఇచ్చారు. పారెయ్యలేదు. "బుధవారం లోపు ఆవిడ సంతకంతో తెప్పించండీ," అన్నారు, ఈసారి నా మొహం చూడకుండా.

ఆ కాగితం ఈ ఉత్తరంతో పెట్టాను. రేపు ఆరాధన అయ్యాక మీ తమ్ముడు విజయ్ పాల్ అత్తయ్యగారి మందులూ ఈ ఉత్తరమూ పట్టుకుని బండి మీద వస్తున్నాడు, సంతకం పెట్టి వాడి చేతికే ఇచ్చెయ్యి. ఆలోచించకు. నేను ఏమనుకుంటానో అని అస్సలు ఆలోచించకు. అనుకుంటాను. రేపు అరవై కొట్లవాళ్ళూ నీ పేరు పిలుస్తుంటే నాకు మండుతుంది. మండనీ. టీ తాగుతాను, తగ్గుతుంది.

ఒకటి అడుగుతాను. వచ్చాక, తప్పు ఎక్కడుందో తెలిస్తే నాకు మొహం మీదే చెప్పు. అలుగుతాను, అయినా చెప్పు. ఆ పేజీ మాత్రం చింపకు.

ఇది రాస్తుంటే నీ ఫోను మోగింది. కొత్తపేట నుంచి బట్టల కొట్టాయన. బిల్లు మిషను ఆగిపోయిందట. "మేడం గారు లేరాండీ?" అన్నాడు. లేరండీ, నేను వాళ్ళాయన్నండీ అన్నాను. పర్లేదండీ, ఆవిడొచ్చాకే అనబోయాడు. "ఒక్క మాటండీ. అది ఆగిన వేళకి మీరు అక్కడ ఏం చేస్తున్నారు?" అని అడిగాను. ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. పదినిమిషాలు నోరు మూసుకుని విన్నాను. ఇస్త్రీపెట్టె పెట్టినప్పుడల్లా ఆగుతోంది. వేరే ప్లగ్గుకి మార్చమన్నాను. మార్చాడు. అవతల మిషను గరగరమని కాగితం లాగిన చప్పుడు వినబడింది.

"అమ్మయ్య," అన్నాడాయన.

ఇట్లు,
ముప్పై ఎనిమిదో పేజీలోని మీ ఆయన,
జయపాల్.