పెట్టెలో పట్టిన ఏనుగు

అమ్మాయ్, మీ మామయ్యగారూ నేనూ క్షేమం, ఎల్లుండి బయల్దేరుతున్నాం. మనవరాలు అడిగిన బొమ్మ ఏనుగు కొన్నాను. అది పిల్లంత ఎత్తుంది, మా పెట్టె చూస్తే మూరెడు. "దీన్ని నెత్తిన పెట్టుకుని వస్తావా?" అని మామయ్యగారు కొట్లోనే నవ్వారు. ఇన్నేళ్లు కుట్టుమిషను తొక్కినదాన్ని, ఊరుకుంటానా? పొట్ట కింద కుట్లు విప్పి, దూదంతా లాగేసి, గుడ్డని మడతపెట్టాను. ఏనుగు పడుకున్నా గుర్రమంత ఎత్తంటారు గానీ, నాది రెండు చీరల మధ్య ఇమిడిపోయింది.

గ్యాసుబండ వచ్చిందా? మిషనుకి నూనె వేసి ఉంచు. నేను కుట్టేదాకా పిల్లకి చెప్పకు. అబ్బాయికీ నీకూ పిల్లకీ నా దీవెనలు.

దూది ఇక్కడే వదిలేశాను. మామయ్యగారి దిండు విప్పి, అందులోది ఎండబెట్టు.

మీ అత్తయ్య