తాత సమాధి మీద కున్మింగ్ పేరు

పెరంబూరు

చెల్లమ్మక్కా, ఇక్కడ అందరం క్షేమం. నీ ఫోను పలకడం లేదని కార్డు రాస్తున్నాను.

తాత సమాధికి కొత్త రాయి వేయిస్తున్నాం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆయన చైనాలోని కున్మింగ్ విమానాశ్రయంలో పనిచేశాడని దాని మీద చెక్కిద్దామంటే చిన్నాన్న ఒప్పుకోలేదు. "మా నాయన కోతలన్నీ రాయి మీదికెక్కిస్తావా?" అన్నాడు.

మొన్న తిరువొత్తియూరులో మా ఫ్యాక్టరీకి మిషన్లు బిగించడానికి ఒక చైనా ఇంజనీరు వచ్చాడు. ఆయనది కున్మింగేనట. జనం పెద్ద రాతి రోలరుకు తాళ్లు కట్టి లాగి రన్‌వే చదును చేసేవాళ్లని తాత చెప్పేవాడు కదా, అది నిజమేనా అని ఫోనులో తర్జుమా పెట్టి అడిగాను. ఆయన అరచేయి చాపి చూపించాడు. "మా నాయనమ్మ లాగింది. తాడు ఒరుసుకున్న మచ్చ చనిపోయేదాకా ఇక్కడే ఉండేది" అన్నాడు. యుద్ధం తర్వాత అక్కడ ప్రయాణికుల విమానాలు దిగేవట. ఇప్పుడది మూతపడి, అపార్ట్‌మెంట్లు లేచాయట.

ఇదంతా చిన్నాన్నకు చెప్పాను. "ఆడ ఇప్పుడేమీ లేదు కదమ్మా, రాసి ఏం లాభం?" అన్నాడు.

"అందుకే రాయాల చిన్నాన్నా. ఈడైనా ఉండనీ" అన్నాను.

తాత పుట్టిన సంవత్సరం వెంటనే తెలియజెయ్యి. నీ మోకాలి నొప్పి తగ్గిందా? వచ్చే నెల మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక రాయి నిలబెడతాం, తప్పకుండా రా. వచ్చేటప్పుడు గూడూరు నిమ్మకాయలు తీసుకురా.

ఈ పొద్దున చిన్నాన్నే రాయి చెక్కే ఆయన దగ్గరికి వెళ్లి, కున్మింగ్ అన్న పేరు పెద్ద అక్షరాలతో వేయమని చెప్పి వచ్చాడు.

బావకు నమస్కారాలు. పిల్లలను ప్రభువు చల్లగా చూడాలి.

నీ చెల్లెలు
జెబ