సోడా గదికి రాతి కప్పు

నరసరావుపేట,
ఏప్రిల్ 1958

ప్రియమైన సుందరికి,

నన్ను సోడా గదిలోకి మార్చారు. కూలి పెరిగిందని సంతోషించకు. గుమ్మం దాటాలంటేనే నాకు భయం.

ఈ ఫ్యాక్టరీ ఒకప్పుడు పత్తి ప్రెస్సు. పాత షావుకారు కొని, గ్యాసు కలిపే రాగి పీపా ఉన్న గదికి మూరెడు మందాన రాతిగోడలు లేపాడు. పైన మాత్రం సున్నం పెట్టకుండా వట్టి పెంకులే పరిపించాడు. ఎందుకని సీసాలు కడిగే ఏసోబు బాబాయిని అడిగాను.

"పీపా పేలిందనుకోరా, పెంకులు లేచిపోతై. మనిషి మిగుల్తాడు" అన్నాడు.

ఇప్పటి యజమాని లక్ష్మీనారాయణ ఆ పెంకులు పీకించాడు. దొంగలు వాటిని తప్పించి సీసాలు ఎత్తుకుపోతున్నారట! మాచర్ల నాపరాళ్లు పరిపించి సున్నంతో బిగించాడు. మిషను తిప్పితే నెత్తిన రాళ్లు గుంయ్‌మంటున్నాయి. బతికుండగానే బండ మూసినట్టుంది.

నీ
నెహెమ్యా

క్రోసూరు

ప్రియమైన మీకు,

ఉత్తరం అమ్మకు చదివి వినిపించలేదు. నెలలు నిండిన నాకే నిద్ర లేదు. ఆ పని మానేయండి. ఇక్కడ మిరప కోతలున్నాయి. "బావకి కోపం చానా, ధైర్యం తక్కువ" అని అన్నయ్య ఎగతాళి చేశాడు. తక్కువైతే తక్కువే. నాకు మీరు బతికుండాలి.

మానేశానని రాస్తేనే అన్నం సయిస్తుంది.

మీ సుందరి

నరసరావుపేట

ప్రియమైన సుందరీ,

మానలేదు. నేను మానితే నా చోట తోటి కూలి మహమూద్‌ను దింపుతారు. వాడికి ముగ్గురు పిల్లలు. రాళ్లు తీయించమని యజమానిని అడిగాను.

"ఏందిరా, భయమైతే గాజులేసుకో!"

"మీరొచ్చి పీపా పక్కన కూర్చోండి. గాజులు నేనే తెస్తా" అన్నాను.

గెంటించాడు. మధ్యాహ్నం అతను భోజనానికి పోగానే మహమూద్, నేను, బాబాయి గునపాలతో రాళ్లన్నీ పెకలించి దొడ్లో పేర్చాం. నన్ను పనిలోంచి తీసేశాడు. కప్పు లేని ఆ గదిలోకే మహమూద్‌ను తోశాడు.

శుక్రవారం పీపా పేలింది. మూత ఆకాశంలోకి పోయి పక్కన పొగాకు ఆరబెట్టే బేరన్ షెడ్డు వెనక పడింది. మహమూద్‌కు చెవులు వినపడటం లేదు గానీ, నడిచి బయటికొచ్చాడు. నేను గేటు దగ్గర వాణ్ణి పట్టుకుని ఏడ్చాను.

లక్ష్మీనారాయణ ఏమన్నాడో తెలుసా? రాళ్లుంటే మూత ఎటూ పోయేది కాదట! కొత్త పీపా తెప్పిస్తున్నాడు, మళ్లీ రాళ్లే ఎక్కిస్తాడట. పెంకులు వేసేదాకా ఒక్కరం లోపలికి పోమని అందరం గేటు బయట కూర్చున్నాం. పోలీసుల్ని పిలిచాడంటున్నారు. నాకు భయంగానే ఉంది. అయినా లేవను.

బిడ్డ పుట్టగానే కార్డు రాయి. నా పేరు, సోడా ఫ్యాక్టరీ గేటు బయట అని రాస్తే చాలు, అందుతుంది.

నీ
నెహెమ్యా