జరీ గుచ్చుతుందనుకున్నాను

సెప్టెంబర్ 11, గురువారం

చిన్న బిడ్డ దీపికను కరీంనగర్ తీసుకపోయి నువ్వులు పడుతయో లేదో టెస్ట్ చేయించాను. చిటికెడు నువ్వుల పొడి తినిపించి ఇరవై నిమిషాలు చూస్తారు. మళ్లీ కొంచెం పెంచుతారు. అట్ల ఆరుసార్లు. ఏమీ కాలేదు. రెండు గంటలు కూర్చోబెట్టి పంపారు. నర్సు ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుని ఏదో చెప్తూనే ఉన్నది. నేను బస్సు టైం చూసుకుంటున్నాను.

లక్సెట్టిపేట బస్సులో ఏడుపొచ్చింది. రెండేండ్ల కింద ఈ టెస్ట్ సంగతి తెలిస్తే నా పెద్ద బిడ్డ నిఖిత ఉండేది.

ఇంటికొచ్చేసరికి అత్త పోశవ్వ గడపలోనే ఉన్నది. ఏమన్నరే, పిల్లకు నువ్వులు పడుతయన్నరా అని అడిగింది. ఆమెకెందుకంత తొందర?

అదే రోజు, సాయంత్రం 7

దీపిక రెండుసార్లు కక్కింది. వీపంతా దద్దుర్లు. నేను నల్లా దగ్గర నీళ్లు పట్టి వచ్చేదాక పిల్ల అత్త దగ్గరే ఉన్నది.

సెప్టెంబర్ 12

ఇక్కడి దవాఖానలో సూది ఇచ్చారు. పొద్దటికి తగ్గింది.

అత్త స్నానానికి పోయినప్పుడు ఆమె విడిచిన చీర కొంగుముడి విప్పి చూశాను. వక్కలు, ఒక బస్సు టికెట్. డబ్బాలన్నీ దించాను. నిఖిత పోయినప్పటి నుంచి ఈ ఇంట్లో నువ్వులు లేవు. మరి ఎక్కడ దాచింది?

నాయినమ్మ ఏం పెట్టింది బిడ్డా అని పదిసార్లు అడిగాను. ఏం పెట్టలే అవ్వా, ఏడు చాపల శాత్రం చెప్పింది అన్నది. పదకొండోసారి ఏడ్చింది.

సెప్టెంబర్ 13

అడిగేశాను. నిఖితకు పెట్టిన చేతితోనే దీనికీ పెట్టినవా అని. సద్దుల బతుకమ్మనాడు అందరికి పంచిన నువ్వుల ముద్దే పెట్టిన స్వరూపా, విషం పెట్టలే అన్నది అత్త.

అందరూ తిన్నారు. ఆమె చేతి ముద్ద తిన్న అరగంటకు నా బిడ్డ పడిపోయింది. వాడకట్టంతా చూసింది.

మస్కట్ నుంచి మా ఆయన మల్లేష్ ఫోన్ చేశాడు. మా అవ్వనే అనుమానిస్తవా, నీకేమన్న పిచ్చి లేసిందా అన్నాడు. కొడుకు కదా, ఇంకేమంటాడు.

సెప్టెంబర్ 14

అత్త జైనూర్‌లో కూతురి ఇంటికి పోయింది. రెండు చీరల సంచి. దీపిక బస్సు వెంట ఉరికింది.

సెప్టెంబర్ 18

మళ్లీ కరీంనగర్. డాక్టరమ్మకు అత్త సంగతంతా చెప్పాను. ఎవ్వలు ఏం పెట్టకున్నా అయితదమ్మా, టెస్ట్‌ల తిన్న నువ్వులకే వచ్చిన రియాక్షన్ ఇది అన్నది. అప్పటికప్పుడే రావాలని లేదట. గంటల తర్వాత కూడా బయటపడుతదట. అందుకే తెల్లారేదాక కనిపెట్టుకొని ఉండుమని కాగితం ఇచ్చినం, సంతకం నీదే గద అన్నది.

నాదే.

లేటుగా కూడా వస్తదా మేడం అని మూడుసార్లు అడిగాను. మూడోసారి నన్ను అదో రకంగా చూసింది. నిఖిత గురించి అడుగుదామనుకున్నాను. భయమైంది.

సెప్టెంబర్ 21

ఎంగిలిపూల బతుకమ్మ. పాటలు వినపడకుండా తలుపులు పెట్టుకున్నాను.

సెప్టెంబర్ 22

ఎవరికీ చెప్పనిది.

గౌరమ్మకు పెట్టకముందు నైవేద్యం సద్ది ఎంగిలి చేయొద్దు. ఆ సద్దుల బతుకమ్మనాడు నాలుగు గంటలకు నిఖిత రోలు దగ్గర కూర్చుని ఒక్కటంటే ఒక్కటి అవ్వా అని బతిమాలింది. నువ్వుల ముద్ద చేతిలో పెట్టాను. నాయినమ్మకు చెప్పకు, తిడుతది అన్నాను. చెప్పలేదు నా తల్లి.

ఐదింటికి జడ వేస్తుంటే మెడ గోక్కుంటూనే ఉన్నది. కడుపు నొస్తుందన్నది. కొత్త లంగా జాకెట్టు. జరీ గుచ్చుతుందనుకున్నాను. కదలకు అని నెత్తి మీద ఒకటి వేశాను.

చీకటి పడ్డాక అత్త ముద్ద పెట్టింది.

పిల్ల ఏమేం తిన్నదని ఆ రాత్రి దవాఖానలో అడిగితే అత్త పెట్టిందొక్కటే చెప్పాను.

సెప్టెంబర్ 23

అంతా చెప్పేద్దామని జైనూర్‌కు ఫోన్ చేశాను. నేను నోరు తెరవకముందే అత్త, పిల్లకు దద్దుర్లు తగ్గినయా స్వరూపా అని అడిగింది.

తగ్గినయి అని పెట్టేశాను.