హాయ్ట్ గ్లాసు

1977 ఏప్రిల్ 9, మేకన్, పొద్దున్న

మళ్ళీ గ్లాసు ఖాళీ.

మా పాటగాడు హాయ్ట్ చచ్చిపోయి ఏడాది దాటినా ప్రతి షోలో అతని గిటార్ యాంప్, ఆ పాత స్పీకర్ పెట్టె, స్టేజి మీద పెడతాం. స్విచ్ వేస్తాం, గిటార్ మాత్రం తగిలించం. దాని మీద ఒక గ్లాసు విస్కీ. మా బ్యాండ్ మర్యాద అది. అతని పాటతోనే కదా మా అందరి పొయ్యిలూ వెలుగుతున్నాయి! పెళ్ళాం వదిలేసి పోయిన నెలలో తాగి తాగి రాశాడు, "ఇంకొక్క గుక్క, మార్లా" అని. ఆ తాగుడే అతన్ని తినేసింది.

సామాను సర్దుతుంటే చూశాను. గ్లాసులో చుక్క లేదు. నాకు అనుమానం ఒకడి మీదే. నా మొగుడి మీద.

ఏప్రిల్ 10

డెల్మర్‌ని అడిగేశాను. నీ మీద ఒట్టు ఓపల్, ముట్టుకుంటే నా గొంతు పడిపోవాలి అన్నాడు. తాగే రోజుల్లోనూ ఇవే ఒట్లు. డాక్టర్ చలికాలంలోనే తేల్చి చెప్పాడు, లివర్ పాడైపోయింది, ఇంకోసారి మొదలుపెడితే ముందే శవపేటికకు కొలతలిచ్చుకోమని. అప్పటి నుంచి మానేశాడు. మానేశాడనే అనుకుంటున్నాను.

ఏప్రిల్ 14, డోతన్, మధ్యాహ్నం

టీ కాస్తున్నాను.

పాట మూడో చరణంలో జనం గ్లాసులు పైకెత్తి హాయ్ట్ పేరు అరుస్తారు. పాడేవాడు, అంటే ఇప్పుడు డెల్మర్, సీసా ఎత్తి తాగాలి. తాగకపోతే ఊరుకోరు, ఒకసారి బూట్లు విసిరారు. అందుకే డెల్మర్ విస్కీ సీసాలో చల్లారిన టీ పోస్తాను. చక్కెర వెయ్యను, గొంతు జిగటవుతుంది. మా అమ్మ బతికుంటే, చక్కెర లేని టీ కాసేదాన్నా నేను కన్నది అని నెత్తి బాదుకునేది.

డ్రమ్స్ వాయించే లూథర్ డెల్మర్ తమ్ముడే. వదినా, ఈ కషాయం తాగేకంటే ఆ లివర్ పోవడమే నయం అని వేళాకోళమాడాడు. గరిటె తిరగేసి ఒక్కటిచ్చాను.

ఏప్రిల్ 15, పొద్దున్న

నిన్న ఆర్గన్ వాయిస్తున్నంతసేపూ ఆ గ్లాసునే చూశాను. రెండు చోట్ల తప్పు వాయించాను. డెల్మర్ అటు పోనే లేదు. లూథర్ లేవలేదు.

చివరి చరణంలో హాయ్ట్ యాంప్ గుర్రుమంది. పాత యాంప్‌లు గురగురమంటాయి, నాకు తెలీదా. కానీ పాట శ్రుతిలోనా? పాట అయ్యేసరికి గ్లాసు ఖాళీ. లైట్ల వేడికి ఆవిరైందని నాకు నేనే చెప్పుకున్నాను. భయంగా ఉంది. రాసుకోవడానికీ భయంగా ఉంది.

ఏప్రిల్ 16

డెల్మర్ నిద్రలో హాయ్ట్‌తో మాట్లాడుతున్నాడు. వస్తాన్లేరా, తొందరపెట్టకు అంటున్నాడు.

ఏప్రిల్ 22, వాల్డోస్టా, మధ్యాహ్నం

ఇవాళ చచ్చినవాడికీ టీయే.

డెల్మర్ దొంగతనంగా తాగుతుంటే టీ తాగుతాడు. హాయ్టే తాగుతుంటే, వాడూ టీయే తాగనీ. ఉన్న విస్కీ అంతా నా చేత్తో సింకులో ఒంపేశాను. డెల్మర్ సీసాలో టీ పోసి రుచి కూడా చూశాను. చేదు టీ. మూత నేనే బిగించాను.

హాయ్ట్, తిట్టుకుంటే తిట్టుకో. నాకు నా మొగుడు కావాలి.

ఏప్రిల్ 23, పొద్దున్న

రాత్రి షోలో జరిగింది రాస్తున్నాను.

మూడో చరణం. జనం గ్లాసులెత్తారు. డెల్మర్ సీసా ఎత్తాడు. గుక్క దిగగానే ఆగి, నా వైపు చూశాడు. చాలా కాలానికి సొంత ఇంటి గడప తొక్కినవాడిలా ఉంది మొహం. మళ్ళీ ఎత్తాడు. ఆర్గన్ వదిలేసి పరిగెత్తి లాక్కునేసరికి సగం అయిపోయింది. గుప్పుమని విస్కీ వాసన.

తర్వాత పాడాడు. దేవుడా, ఏం పాడాడు! హాయ్ట్ పోయాక ఆ పాట అలా ఎవరూ పాడలేదు. జనం ఏడ్చారు. నేనూ ఏడుస్తుంటే పాటకే అనుకున్నారు.

హాయ్ట్ గ్లాసు నిండుగా అలాగే ఉంది. టీ.

లూథర్ చొక్కా పట్టుకుని నిలదీశాను. నీ చేత్తో పోసి నువ్వే మూత పెట్టావు కదా వదినా, నన్నంటావేంటి అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వాడికి అబద్ధమాడటం రాదు.

డెల్మర్ కనిపించడం లేదు. ట్రక్కూ లేదు.

ఏప్రిల్ 27, ఆసుపత్రి

నది పక్కన బార్‌లో దొరికాడు. రక్తం కక్కుతున్నాడు. పిచ్చిదానిలా చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. కళ్ళు తెరిచి, నీ టీ బాగుందే అన్నాడు. నవ్వాడు కూడా.

ఏప్రిల్ 29

పోయాడు.

జూన్ 11, మేకన్, సాయంత్రం

ఆ పాట లేకుండా మమ్మల్ని ఎవడూ పిలవడు. ఇవాళ నేనే పాడాలి. లూథర్ వద్దే వద్దన్నాడు.

స్టేజి మీద రెండు యాంప్‌లు, రెండు గ్లాసులు. నా సీసాలోకి టీ నేనే కాచి పోసుకున్నాను. మూత బిగించాను. ఇప్పుడే తీసేసరికి గుప్పుమంది. ఒక గుక్క రుచి చూశాను.

నిజమే డెల్మర్. బాగుంది.